దేవుని డబ్బా

మా వంటింట్లో ఒక డబ్బా ఉండేది. వంటిల్లంటే వేరే గది అనుకునేరు, సూరత్ పాండేసరాలో మాకున్న ఒక్క గదిలోనే గోడవారగా పొయ్యి పెట్టుకున్న మూల అది. మూతకు సొట్ట పడిన ఆ స్టీలు డబ్బాను మేము దేవుని డబ్బా అనేవాళ్లం. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేయాలి. మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరం చేసే పనే. నెలాఖరుకు పాస్టరమ్మ పద్మారాణి సంచి పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోయించుకుపోయేది. కొంత విధవరాళ్లకు, కొంత మంచాన పడ్డవాళ్లకు, మిగిలింది ఆమె పెనిమిటి, మా పాస్టరు అయ్యగారి కుటుంబానికి. ఇంట్లో ఏం ఉన్నా లేకపోయినా నేను ఆ పిడికెడు ఆపలేదు. భక్తి అని గొప్ప చెప్పుకోను. చెయ్యి దానంతట అదే డబ్బా మీదికి పోయేది.

కరోనా వచ్చిన ఏడు ఎండలు ముదిరే వేళకు సూరత్ మొత్తం బందైంది. బట్ట నేసే సాంచెలు ఆగాయి. పగలూ రాత్రీ టకటకమనే గల్లీ ఒక్కసారిగా మూగదైతే, ఇంట్లో ఎవరో పోయినట్టు ఉండేది. మా కొడుకు ఉమాకాంత్ పనిచేసే కార్ఖానాకు సేఠ్ తాళం వేసి, ఫోను ఎత్తడం మానేశాడు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి దారాలు కత్తిరించడానికి మా ఇంటికి వచ్చిన చీరల మూట ఒకటి మా గదిలోనే ఉండిపోయింది. దించిపోయినవాడు మళ్లీ రాలేదు. మా కోడలు సంధ్య ఆ మూటకు నడుం ఆనించి కూర్చునేది. ఎవరి పెళ్లికి పోవలసిన చీరలో, మా పిల్లకు దిండయ్యాయి.

సంధ్యకు ఏడో నెల. అంతకు ముందు ఒకటి నిలవలేదు. బంద్ కాకముందు దవాఖానాలో నర్సు ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదు, కడుపు నిండా తినాలి అని చెప్పి పంపింది. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో అదొక్కటే చింత. కరోనా చింత కూడా దాని తర్వాతే. ఈ పిల్ల తింటేనే ఆ బిడ్డ నిలుస్తుంది.

నా పెనిమిటి సోమలింగం సాంచెల దుమ్ము మింగీ మింగీ ఛాతీ పాడై ఇంటి పట్టున ఉన్నవాడు. మేము పద్మశాలీలం. సూరత్ వచ్చాకే ప్రభువును నమ్ముకున్నాం, పేర్లు మాత్రం పాతవే. పక్క గదిలో ఒంటరిగా ఉండే వెంకటవ్వకు అదే పెద్ద వేడుక.

"పేరేమో శివునిది, పాటేమో యేసుది. ఏ దేవుడు పిలిస్తే పల్కుతవ్ సోమలింగం?" అనేది.

"ముందు ఎవలు పిలిస్తే ఆయనకే పల్కుత వదినె."

అట్లా నవ్వుతూనే అనేవాడు గాని, లోపల మనిషి మొండి. సంఘంలో పెద్దల్లో ఒకడు. ఇంట్లో ఆయన ప్రార్థన చేసి ఆమేన్ అనకుండా ఎవరం ముద్ద ముట్టేవాళ్లం కాదు. సంధ్య మా ఇంటికి కోడలై వచ్చినా బాప్తిస్మం తీసుకోలేదు. ఆమె కూడా ఆ ఆమేన్ కోసం ఆగేది.

బంద్ అయిన కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట మా గల్లీ మొగకు టెంపో రావడం మొదలైంది. పెద్ద గంజుల్లో పొగలు కక్కే ఖిచిడి. ఏదో మందిరం ట్రస్టు వాళ్లు వండించి పంపేవాళ్లు. టెంపో అద్దానికి దేవుడి పటం, పటానికి బంతిపూల దండ. ఒరియావాళ్లు, బిహారీలు, మనవాళ్లు, అందరూ గిన్నెలు పట్టుకొని సున్నంతో గీసిన గుండ్రాల్లో దూరం దూరంగా నిలబడేవారు.

మొదటి రోజే ఉమాకాంత్ క్యాన్ నిండా తెచ్చాడు. మూత తీస్తే నెయ్యి వాసన గదంతా పరుచుకుంది. సంధ్య పళ్లేలు పరిచింది.

"ఎవలు పంచుతున్నరు?" అని అడిగాడు సోమలింగం.

"మందిరపోళ్లు."

"ముందుగాల దేవునికి పెట్టే తెస్తరు గద."

"పెడ్తరేమో. నేనడగలే బాపు. ఆకలైతున్నదని లైన్ల నిలబడ్డ."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది, ఎదురు మాట్లాడి తినేవాళ్లం. మెల్లగా తన పళ్లెం బోర్లించాడు.

"మీరు తినుండ్రి. నేను ఉపవాసం ఉంట. విగ్రహానికి పెట్టింది నాకొద్దు. కాకులతోని భక్తునికి రొట్టె పంపిన దేవుడు మనకు పంపడా?"

"కాకులు ఎప్పుడో అచ్చినయ్ బాపు," అన్నాడు ఉమాకాంత్. "టెంపో ఎక్కి అచ్చినయ్. నువ్వే పొమ్మంటున్నవ్."

ఆ ఛాతీతో ఆయన రెండు పూటలు పస్తుంటే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. బోర్లించిన పళ్లెం ముందు కూర్చొని ఎవరం తింటాం. క్యాన్‌కు మూత పెట్టి వెంకటవ్వకు ఇచ్చి వచ్చాను. ఆమె వాసన చూసి, "మీ దేవుడు వద్దన్నడా, మా దేవుడు నాకు పంపిండా, ఎట్లయితేంది, నాకైతే లాభమే" అంది. మోకాళ్లు పోయిన మనిషి, తాను లైన్‌లో నిలబడలేదు. ఎవరైనా తెచ్చి పెడితే తినేది, లేకుంటే లేదు.

ఉమాకాంత్ మళ్లీ టెంపో దగ్గరికి పోలేదు. ఆ సాయంత్రం నుంచి ప్రార్థన వేళకు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తండ్రి ప్రార్థన ఇంకొంచెం పొడుగు చేసేవాడు.

ఇంట్లో బియ్యం తరిగాయి. ముందు సోనా మసూరి అయిపోయింది. తర్వాత దొడ్డుబియ్యం తెచ్చుకున్నాం. ఆ తర్వాత నూకలు. అన్నం జావ అయింది, జావ పల్చబడింది. దేవుని డబ్బా ఒక్కటే నిండుతూ వచ్చింది. సంఘం కూడే గదికి తాళం. పద్మారాణి తానుండే వడోద్ నుంచి రావాలంటే దారి పొడుగునా పోలీసులు. నా పిడికిలి రోజురోజుకూ చిన్నదైంది గాని, వేయడం మానలేదు.

"అవ్వా, అండ్ల ఎందుకేస్తున్నవ్?" అని ఒకనాడు ఉమాకాంత్ అడిగాడు.

"దేవునిది బిడ్డా."

"దేవునికి ఆకలైతదా?"

నేను పొయ్యి ఊదుకుంటున్నట్టు తల వంచుకున్నాను. మాది గ్యాసు పొయ్యి.

నాకు చదువు లేదు. వాక్యమంతా చెవితో నేర్చుకున్నదే. కష్టం వస్తే మోకరించాలని తెలుసు, మోకరించేదాన్ని. ఆయన ప్రార్థన చేస్తుంటే నేనూ కళ్లు మూసుకునేదాన్ని. దేవునికి అంతా తెలుసు కాబట్టి మీకూ చెప్తున్నాను, ఆ రోజుల్లో నేను ప్రార్థన చేయలేదు. కునికేదాన్ని. ఏమని అడగాలో కూడా ఓపిక లేదు. మోకాళ్లు నేలకానించి ఉంటే అదే ఆయనకు వినపడుతుందిలే అనుకునేదాన్ని.

ఒక పొద్దున సంధ్య వీధి కుళాయి దగ్గరికి పోయి, బిందె పెట్టి, పక్కన కూర్చుండిపోయింది. లేవలేకపోయింది. ఇద్దరు ఒరియా ఆడవాళ్లు చెరో రెక్క పట్టుకొని తీసుకొచ్చి చీరల మూటకు ఆనించారు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. పాదాలు వాచి మెరుస్తున్నాయి. నేను చక్కెర నీళ్లు కలిపి తాగించాను. కాసేపటికి కళ్లు తెరిచింది. నన్ను చూసింది, డబ్బాను చూసింది.

"ఆ దేవునికి పెట్టిందని అది తినొద్దంటిరి. ఈ దేవునికి పెట్టిందని ఇది తినొద్దంటిరి. మరి నేనేం తినాలె అత్తమ్మా?"

కోపంగా అనలేదు. ఇవాళ ఏం కూర వండాలని అడిగినట్టు అడిగింది. సోమలింగం అక్కడే ఉన్నాడు. దగ్గు వచ్చిందని లేచి బయటికి పోయాడు.

మర్నాడు తెల్లవారి, రేకుల కింద ఉక్కపోతకు ఆగలేక ఆయన మా తలుపు బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఉమాకాంత్ నీళ్లకు పోయాడు. సంధ్య నిద్రపోతోంది. నేను డబ్బా దించి ముందు పెట్టుకున్నాను. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు రాలేదు. చివరికి ఇంత మాత్రం అన్నాను. "తండ్రీ, అలిసిపోయిన. ఇది నీదే. నీ ఇంట్లనే ఆకలున్నది. అడిగే ఓపిక లేదు, తీసుకుంటున్న."

పెద్ద తపేలాలో డబ్బా వంచాను. ముందు నూకలు రాలాయి. తర్వాత దొడ్డుబియ్యం. అన్నిటికీ చివర, అడుగు నుంచి, సన్నగా తెల్లగా సోనా మసూరి. మా మంచి రోజులు అడుగున ఉండిపోయాయి. అన్నీ చేత్తో కలిపి నీళ్లు పోశాను. ఇక తిరిగి డబ్బాలో పోయలేను కదా.

అప్పుడే గుమ్మంలో, "అక్కా, వందనాలు" అని వినబడింది.

పద్మారాణి. మూతికి చీరముక్క కట్టుకొని, సందులూ గొందులూ పట్టి వడోద్ నుంచి నడిచి వచ్చింది. సగమైపోయింది మనిషి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చంకలో బియ్యం సంచి, మడత పెట్టి, కొంగు కప్పి ఉంది.

"సంధ్య ఎట్లున్నదో చూసి పోదామని అచ్చిన," అంది.

సంచి ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. తపేలాలో ఏముందని ఆమె అడగలేదు. సొట్ట మూత డబ్బా పక్కన బోర్లా పడి ఉంది. అది ఏ డబ్బానో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు.

"అన్నీ నానబోసిన పద్మా," అన్నాను.

"మంచి పని చేసినవక్కా." సంచిని ఇంకొక మడత వేసి, దాని మీదే కూర్చుంది. తర్వాత చేతులు కడుక్కొని తపేలా దగ్గరికి జరిగింది. "అన్నీ ఒక్కసారే పొయ్యి మీద పెడ్తవా ఏంది? నూకలు గంజయితయి, దొడ్డుబియ్యం పలుకుంటది. నీళ్లల్ల కలిపి జర ఆగు. నూకలు అడుక్కు దిగుతయి. పైనియి ముందు ఉడకనీ."

"నీకెట్ల ఎరుక గీ సంగతి?"

"పెండ్లయినకాడి నుంచి మేం తినేది గిదే గదక్కా. ఇల్లిల్లు బియ్యం ఒక్క కుండల. ఎంత జూసి వండినా సగం మెత్తగ, సగం పలుకు. మా పిల్లలు ఒక్క తీరు అన్నం ఎన్నడు తిన్నరు?"

ఇన్నేళ్లు పిడికెడు వేసిన చేతిని నేనే చూసుకున్నాను గాని, ఆ పిడికెళ్లన్నీ కలిపి వండితే ఎట్లా ఉంటుందో ఒక్కనాడు అనుకోలేదు. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకే నవ్వు రాలేదు.

"ఇన్ని దినాలు ఏం తిన్నరు మరి?" అని అడిగాను.

"టెంపో ఖిచిడి. మీ గల్లీకి రాదా?" అంది.

"అస్తది. మీ అన్న వద్దంటడు. దేవునికి పెట్టి తెస్తరని."

పద్మారాణి పైన నిలిచిన బియ్యం దోసిళ్లతో తీసి వేరే గిన్నెలో వేస్తోంది.

"అయ్యగారు తిన్నడా?" అన్నాను మెల్లగా. తలుపు అవతల మెట్ల మీద ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చి, రెండోసారి గట్టిగా అడిగాను. "అయ్యగారు గా టెంపో ఖిచిడి తిన్నడా పద్మా?"

ఆమె తలుపు వైపు చూసి, తానూ గొంతు పెంచింది. "తిన్నడక్కా. మొదటి దినం శానసేపు చేతులు కట్టుకొని కూసున్నడు. పిల్లలు ఆయన మొఖమే చూస్తున్నరు. తర్వాత ప్రార్థన చేసి తిన్నడు. ఏమని ప్రార్థన చేసినవయ్యా అంటే, అన్నం అడిగినం, అచ్చింది, ఇగ తెచ్చినోని బండి మీద ఏమున్నదని సూడొద్దు, గంతే అన్నడు. ఇప్పుడు మా దిక్కు ఆ టెంపో కూడ అస్తలేదు. డ్రైవర్‌కు జరమట."

అప్పుడు నాకు ఆ సంచి బరువు తెలిసింది. ఉత్త సంచే.

అన్నం ఉడికే వేళకు ఉమాకాంత్ వచ్చాడు, సంధ్య లేచింది. వాసనకు సోమలింగం లోపలికి వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు.

"బియ్యం యాడియి?"

పొద్దున్నుంచీ ఈ మాటకు జవాబు వెతుక్కుంటున్నాను. పద్మారాణే అంది.

"సంఘానియి అన్నా. సంఘం తింటున్నది."

ఆయన డబ్బా వైపు చూశాడు. కడిగి కిటికీలో బోర్లించాను, నీళ్లు కారుతున్నాయి. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. సంధ్య పాదాల దగ్గర ఆగాడు. తర్వాత వచ్చి తన చోట కూర్చొని, పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

వడ్డించాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. మేమూ మూసుకున్నాం. "తండ్రీ," అన్నాడు. అంతే. తర్వాతి మాట రాలేదు. గంటసేపైనా తడుముకోకుండా ప్రార్థన చేసే మనిషి. అన్నం ఆవిరి ముఖాలకు తగులుతోంది. ఇంతలో సంధ్య, "ఆమేన్" అంది. అని, ముద్ద కలుపుకుంది. ఉమాకాంత్‌కు నవ్వాగక పొలమారింది. సోమలింగం కళ్లు తెరిచి, కోడలు తినడం చూసి, తానూ తిన్నాడు. సగం మెత్తగా, సగం పలుకుగా ఉంది అన్నం. సంధ్య మూడుసార్లు పెట్టించుకుంది.

మిగిలిన సగాన్ని గిన్నెలో సర్ది, ఆ గిన్నెను పద్మారాణి సంచిలోనే పెట్టి మూతి కట్టాను. పోయేటప్పుడు ఆమె సంధ్య తల మీద చెయ్యి పెట్టి రెండే మాటలు ప్రార్థన చేసింది. పోలీసుల కంటబడకుండా పోవాలి కదా, ఎండ ఎక్కుతోంది.

మర్నాడు మధ్యాహ్నం టెంపో హారన్ కొట్టింది. సోమలింగం లేచి, మేకుకు వేలాడుతున్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఆదివారం కూడికకు వేసుకునే చొక్కా. బంద్ మొదలైనప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. క్యాన్ చేతికి తీసుకున్నాడు.

"నేను పోత బాపు, నువ్వు నిలబడలేవు," అన్నాడు ఉమాకాంత్.

"కూసో. వద్దన్నది నేను. నేనే పోవాలె."

నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక గుండ్రంలోంచి ఇంకో గుండ్రంలోకి జరిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకొని, మళ్లీ జరిగేవాడు. ఆయన వంతు వచ్చింది. గరిటె వేసే మనిషి, "ఔర్ లో కాకా" అని ఇంకొంత పట్టుకొమ్మన్నాడు. క్యాన్ మళ్లీ చాపాడు. తర్వాత పక్కకు తప్పుకోకుండా, ఆ పటం ముందే, పూలదండ ముందే, క్యాన్ గుండెకు ఆనించుకొని తల వంచాడు. వెనకవాళ్లు "చలో కాకా, చలో" అని విసుక్కున్నారు. ఆయన ప్రార్థన ముగించుకునే కదిలాడు.

ఇంటికి వచ్చి మొదటి గరిటె సంధ్య పళ్లెంలో వేశాడు. తర్వాత కొడుక్కి, నాకు. తన పళ్లెంలో వేసుకోబోయి ఆగి, ఒక చిన్న గిన్నె తీసుకొని అందులో గరిటెడు వేసి పక్కన పెట్టాడు.

"ఏందది?" అన్నాను.

"పిడికెడు. డబ్బాల పెడ్తే పాసిపోతది. ఇయ్యాల్టిది ఇయ్యాల్నే పోవాలె."

తాను తిన్నాక ఆ గిన్నె తీసుకొని పక్క గదికి తానే పోయాడు. గోడకు అవతలి నుంచి వెంకటవ్వ గొంతు వినబడింది.

"ఏంది సోమలింగం, మా దేవుని ఖిచిడి నీ గొంతుల ఎట్ల దిగింది?"

"మంచిగనే దిగింది. ఉప్పే జర తక్కువైంది వదినె."

ఆ రోజు నుంచి టెంపో వచ్చినన్నాళ్లూ ఆ గిన్నె పక్క గదికి పోతూనే ఉంది. మొదటి వానలు పడ్డప్పుడు సర్కారు దవాఖానాలో సంధ్యకు ఆడపిల్ల పుట్టింది. చాటలో పడుకోబెడితే సగం చాట ఖాళీగా ఉండేది. అయినా ఏడుపు మాత్రం సాంచె శబ్దం. అమూల్య అని పేరు పెట్టాం.

సంఘం గది తాళం తీసిన ఆదివారం, పద్మారాణి భర్త, మా అయ్యగారు రాజలింగం, సాక్ష్యాలు చెప్పమన్నాడు. ఆ కష్టకాలంలో దేవుడు ఎవరిని ఎట్లా నడిపించాడో లేచి చెప్పాలి. జనం లేచారు, ఏడ్చారు, ఒకరి తర్వాత ఒకరు చాలాసేపు చెప్పారు. పోయినవాళ్ల పేర్లు చెప్పారు. సోమలింగం వంతు వచ్చింది. తెల్ల చొక్కా వేసుకొని, పిల్లను భుజాన వేసుకొని లేచాడు. అందరూ పొడుగు సాక్ష్యానికి సర్దుకొని కూర్చున్నారు. ఆయన పిల్ల వీపు నిమిరాడు.

"టెంపోల పంపిండు," అని కూర్చున్నాడు.

ఉప్పు సంగతి మాత్రం చెప్పలేదు.